పెద్ద దవడల పుర్రెకు వారసుల్లేరు

1999 జూన్‌లో ఉరవకొండలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేరాను. ఉద్యోగం ఏ ఏటికాయేడు పొడిగించేది. పొడిగించే అధికారం కరెస్పాండెంటుది, అంటే యాజమాన్యం తరఫున సంతకం పెట్టే మనిషిది. మా కరెస్పాండెంటు నారపరెడ్డి గారికి వేరుశనగ చేలు, రాజకీయం, కాలేజీ ఉండేవి. మొదటి రెండూ పండని ఏడు మా మీద శ్రద్ధ పెరిగేది.

ఆ ఏడు రెండూ పండలేదు. సైన్సు ప్రదర్శనలో పరిణామం బల్ల మీద ఆస్ట్రలోపిథెకస్ పుర్రె నమూనా పెట్టించాను. నమూనా అంటే అసలు శిలాజానికి అచ్చు తీసి ప్లాస్టర్‌తో పోసింది. మనిషి పోలికా కోతి పోలికా ఉన్న ఆ ప్రాచీన జీవుల్లో ఇది పెద్ద దవడల రకం. లక్షల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో నములుతూ బతికింది. ప్రారంభోత్సవానికి ముందురోజు కాలేజీ కమిటీ మెంబరు, బట్టలంగడి సుబ్బయ్యశెట్టి గారు ఒక చిన్న పుస్తకం పట్టుకొచ్చారు. దేవుడు మనిషిని మనిషిగానే సృష్టించాడనీ, ఆది మానవుల ఎముకలన్నీ కల్పితమనీ దాని సారాంశం. పుర్రె తీసుకుని రమ్మని కరెస్పాండెంటు గది నుంచి నాకు పిలుపు వచ్చింది.

"ఆ పుర్రె తీసెయ్యప్పా. లేదంటే సోమవారం నుంచి నువ్వూ రావాల్సిన పన్లేదు" అన్నారు రెడ్డి గారు. మాటలో అస్పష్టత లేదు. ఇంట్లో నాదొక్కటే జీతం.

నాలుగు ఎముక పెంకులు దొరికితే మిగతాది వీళ్ళే అల్లినారని శెట్టి గారి వాదన. ఎముక దొరికినచోట గోధుమరంగు, ఊహించి పూడ్చినచోట తెలుపు వేశారని పుర్రె తిప్పి చూపించాను. మోసం చేసేవాడు అతుకు కనబడేలా రంగు మార్చడు కదా.

"పంది పన్ను చూసి మనిషన్నారంట, దానికేమంటావు?"

నిజమే, పందికి వరసయ్యే జంతువు పన్ను. ఆ తప్పు పట్టింది ఈ పుస్తకం రాసినాయన కాదు, మళ్ళీ అక్కడే తవ్వి చూసిన శాస్త్రజ్ఞులు. ఒప్పుకుని అచ్చు వేసిందీ వాళ్ళే. చిరుగు చీరను మీరే పక్కన పెడితే అంగడంతా చిరుగులని అనలేం కదా అన్నాను.

"నా అంగట్లో చిరుగు చీర యాడుంది సార్?" అని శెట్టి గారు లేచారు. ఉపమానం వికటించింది.

రెడ్డి గారు చెయ్యెత్తారు. "అదంతా ఉండనీ. కోతి మనిషైపోయింటే ఇంకా కోతులెందుకుండాయప్పా? గుడికాడికి పోతే చేతిలో టెంకాయ మిగలనియ్యవు."

"తనకల్లు రెడ్లు మీకు దాయాదులే గదన్నా? రెండిళ్ళకూ ముత్తాత ఒకడే. మీరు ఈడికొచ్చినారని వాళ్ళు ఆడ మాయమైపోయినారా?"

ఆ దాయాదులతో ఆయనకు భూమి తగాదా కోర్టులో నలుగుతోందని ఊరందరికీ తెలుసు. శెట్టి గారు పుస్తకంలో తల దూర్చారు.

"పోయింటే బాగుండు" అన్నారు రెడ్డి గారు. మళ్ళీ ఆయనే, "అంటే కోతి తాత కాదు, దాయాది. మరి వీడెవడు?" అని పుర్రెను చూపించారు.

వీడూ దాయాదే, మనం వీడి నుంచి రాలేదు, వీడి వంశం అంతరించిందని చెప్పాను.

"వారసుల్లేరా?"

"ఒక్కడూ లేడన్నా."

"అయితే భాగమడిగేవాడు లేడు. ఉండనీ."

పుర్రె, నేను, ఇద్దరం మిగిలాం. శిలాజాల మీద అభ్యంతరం చాలాసార్లు ఎముకల గురించి కాదు, చుట్టరికం గురించి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ పాఠాన్ని దాయాదులతోనే మొదలుపెట్టాను.