గుచ్చే పెన్ను

గాజుల మీద, రిబ్బన్ల మీద, ఆఖరికి ఇంటి ముందుకొచ్చే చీపురుకట్ట మీద కూడా మా అమ్మ బేరమాడగా చూశాను. సొంత వేలి మీద బేరమాడగా చూడటం అదే మొదటిసారి.

“ఎడమ చేతి చిటికెన వేలిస్తా. నెలకోసారి,” అంది అమ్మ.

“వారానికోసారి పిన్నీ,” అంది ఎదురుగా సూది పట్టుకుని కూర్చున్న ల్యాబు అక్క.

“అయితే రెండు నెలలకోసారి.”

“నేనిటు లాగుతుంటే నువ్వటు పోతావేంది పిన్నీ!”

“మొదట్లో మొహమాటానికి ఎక్కువ చెప్పాలే.”

ఎనభైల మధ్యలో మాట ఇది. నరసరావుపేట బజారులో మాది గాజుల కొట్టు. నాన్న పోయాక అమ్మా నేనూ నడిపేవాళ్ళం. కొట్టంటే లక్ష్మి, అందుకని చెప్పులు గుమ్మం బయటే విడవాలి. గాజుల కొట్టులో నేలంతా పెంకులే ఉంటాయని తెలిసి కూడా మా వీధిలో ఎవరూ లోపల చెప్పులేసుకోరు. ఆ ఏడు శివరాత్రి నాటి కోటప్పకొండ తిరునాళ్ళకు సరుకు సర్దుతుంటే అమ్మ అరికాల్లో పెంకు దిగింది. అలాంటివి ఆమె కాలు చాలానే చూసింది. కానీ ఈసారి పుండు మానలేదు. ఉగాది పోయింది, ఆవకాయ జాడీలకెత్తాం, పుండు మాత్రం అలాగే ఉంది. డాక్టరు చూసి సుగరన్నాడు. అప్పట్లో ఇళ్ళల్లో ఉచ్చను నీలం మందులో కాచి రంగు చూసుకునేవాళ్ళు. అది చాలదన్నాడు. ఇంజెక్షను ఎంత వేయాలో తెలియాలంటే వారం వారం రక్తం చూడాల్సిందేనని, అశ్రద్ధ చేస్తే ముందు కాలి వేళ్ళు, ఆ తర్వాత పాదం తీసేయాల్సి వస్తుందని కచ్చితంగా చెప్పాడు.

రక్తం చూడటమంటే పెద్ద పనేం కాదు. వేలికి చిన్న సూది గుచ్చి, వచ్చిన చుక్కను ఒక కాగితపు పుల్ల మీద వేసి, మారిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చడం. మా కొట్టుకు ఎదురుగా ఒకే గదిలో ల్యాబు పెట్టుకున్న అక్క ఆ పని చేసేది. మాచర్ల వైపు పిల్ల, గుంటూరులో చదివొచ్చింది. చేయి మంచిదే. ఇంజెక్షనైతే నడుము వెనక వేస్తారు, కనపడదు. వేలికి గుచ్చేటప్పుడు మాత్రం అమ్మ, సూది దగ్గరికొచ్చే క్షణంలో చేయి వెనక్కి లాక్కునేది. సూది చర్మాన్ని గీరుకుంటూ పోయేది. చుక్క రాదు, మంట మాత్రం మిగులుతుంది. మళ్ళీ గుచ్చాలి, మళ్ళీ లాక్కుంటుంది. మూడో వారానికి అసలు ల్యాబు గడపే ఎక్కనంది.

ఇందులో వింతేమిటంటే, చేతులు నొప్పి లేకుండా లొంగదీసుకోవడమే అమ్మ వృత్తి. బిగుతు గాజు వేలి కణుపుల దగ్గర ఆగినప్పుడు ఎదుటి మనిషిని ఏదో ఒకటి అడుగుతుంది. “మీ అత్తది ఏ ఊరమ్మా?” అంటుంది. జవాబు చెప్పే ధ్యాసలో చేయి మెత్తబడుతుంది, గాజు జారిపోతుంది. ఊరందరి చేతులూ అలా వంచిన మనిషి, తన చేతిని మాత్రం వంచలేకపోయింది.

“సూది కనపడకూడదు. కనపడితే లాక్కుంటది,” అంది అక్క నాతో. “గుంటూరులో ఒక డాక్టరు దగ్గర ఫారిన్ది చూశా. పెన్ను మాదిరి ఉంటది. లోపల స్ప్రింగు. టిక్కుమంటే సూది దూకి మళ్ళీ లోపలికి పోద్ది. ఎవరికి గుచ్చినా ఒకటే లోతు.”

అది కొనాలంటే మా కొట్టు సగం అమ్మాలని నాకు నేనే తేల్చుకుని, నేరుగా సాయిబు మామ దగ్గరికి వెళ్ళాను. వీధి చివర పెన్నులూ గొడుగులూ బాగుచేసేవాడు. వినయమన్నది ఆయన పెట్టెలో లేని పనిముట్టు.

“నేను బాగుచేసిన గొడుగుని చూస్తే వాన దణ్ణం పెట్టి పక్కూరికి పోద్ది. ఇదెంత! అయినా ఫారినోడి పెన్ను అంటున్నావు, దానికి తగ్గట్టు ఇవ్వాల,” అన్నాడు.

నేను ఎప్పటిలాగే సగానికి అడిగాను. ఆయన వెంటనే సరేనన్నాడు. వెంటనే సరేనన్నాడంటే పావుకే అడగాల్సిందన్న బాధ నన్ను వారం రోజులు తిన్నది. అమ్మ కాలి గురించి దిగులుపడాల్సిన మనిషిని, దీని గురించీ దిగులుపడ్డాను. రెండూ పట్టేంత పెద్ద మనసు నాది.

మామ పాత ఇంకు పెన్ను గొట్టంలో బాల్‌పెన్ను స్ప్రింగు బిగించాడు. టమాటాల మీద గుచ్చి చూసుకున్నాడు, ఆ తర్వాత తన వేళ్ళ మీద. మూతను మర తిప్పేకొద్దీ సూది ఎక్కువో తక్కువో బయటికొచ్చేది. లేత వేలికొక లోతు, గాజులెక్కించి మొద్దుబారిన వేలికొక లోతు. అక్క దాన్ని చూసి మెచ్చుకుంది, తర్వాత మూత తీసి మరిగే నీళ్ళలో వేసింది. ప్లాస్టిక్ మూత అప్పడంలా మెలికలు తిరిగింది.

“చర్మానికి తగిలేదేదైనా ఉడకాల్సిందే మామా,” అంది.

“ముందే చెప్పొచ్చు గదా, నా మూత చంపేదాకా ఆగాలా?” అని గొణుగుతూ ఇత్తడి మూత చేసుకొచ్చాడు.

అమ్మకు ధైర్యం చెబుదామని నేను దాన్ని కొట్టులో పట్టుకుని నా వేలికే గుచ్చుకుని చూపించాను. చీమ కుట్టినంత. సరిగ్గా అక్కడే మా బజారు బుద్ధి బయటపడింది. మా దగ్గర ఏదీ చూడకుండా కొనరు. మిరపకాయ విరిచి వాసన చూస్తారు, పెన్ను అట్ట మీద గీసి చూస్తారు, దువ్వెన తలలో పెట్టి చూస్తారు. గాజులకొచ్చిన ఎడ్లపాడు ఆవిడ వేలు చాపింది.

“ఏదీ, నాకోసారి.”

ఆవిడ వెనక మరో రెండు వేళ్ళు లేచాయి. నేను స్ప్రింగు బిగించాను. హెయిర్‌పిన్నుల కోసం అప్పుడే లోపలికొచ్చిన అక్క, నా మణికట్టు పట్టుకుని ఆపేసింది.

“ఆ సూది మీద నీ రక్తముంది. ఒకళ్ళ రక్తం ఇంకొకళ్ళకి తగిలితే పచ్చకామెర్లు అంటుకుంటయ్. పెన్ను ఎన్నిసార్లన్నా వాడు, సూది మాత్రం ఒక్కసారే.”

“స్పిరిట్టుతో తుడిస్తే?” అన్నాను. బేరం నాలుక మీదే ఉంటుంది నాకు.

“చాలదు.”

“నేను ఎడ్లపాడు నుంచి వచ్చా. ఒకసారి గుచ్చితే అరిగిపోద్దా ఏంది?” అని ఆవిడ అలిగింది. గాజులు కొనకుండానే వెళ్ళిపోయింది.

అక్క ఆ పెన్నును తీసుకుని మామ దగ్గరికి నడిచింది. వెనకే నేను. “మామా, ఈ జనాన్ని మార్చలేం. పెన్నే మారాల,” అంది.

“నా పెన్నులో తప్పేంది?”

“ఒకసారి గుచ్చాక, సూది తీసేదాకా అది మళ్ళీ బిగియకూడదు.”

మామ పక్కనున్న గొడుగు తీసి తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. గొడుగు తెరిచినప్పుడు కర్రలోంచి ఒక చిన్న రేకు తన్నుకొచ్చి, జారకుండా ఆపుతుంది గదా, దాన్ని వేలితో నొక్కుతూ కూర్చున్నాడు. బేరం మొదలుపెట్టకుండా ఆయన పనిలో దిగడం నేను చూడటం అదే మొదటిసారి.

కొన్నాళ్ళకు తెచ్చిన పెన్నులో అలాంటి రేకే ఉంది. సూది దూకగానే రేకు పక్కకు తన్నుకొస్తుంది. మూత విప్పి సూది తీసేస్తే తప్ప రేకు లోపలికి పోదు. రేకు లోపలికి పోతే తప్ప స్ప్రింగు బిగియదు. నేను గోటితో, పిన్నీసుతో, చివరికి పళ్ళతో కూడా దాన్ని మోసం చేయబోయాను. లొంగలేదు. నాకంటే మొండి వస్తువును చేతిలో పట్టుకోవడం నాకు కొత్త.

“తీసిన సూదినే మళ్ళీ పెడితే?” అంది అక్క.

“దానికి మంత్రమేయాల. నేను మెకానిక్కుని.”

అక్క నన్ను పౌడరు డబ్బా అడిగింది. సొట్టపోయినదాన్ని ఏరి ఇచ్చాను. దాని మూతకు సన్నటి కంత పెట్టించింది. సూది అందులో పడితే మళ్ళీ చేతికి రాదు.

ఇక మిగిలింది అమ్మ. బతిమాలి, ఆరిన పుండు కాదమ్మా అది అని భయపెట్టి, ల్యాబుకు తీసుకెళ్ళాను. పెన్ను వేలి పక్కన ఆనించేసరికి ఆమె మోచెయ్యి బిగుసుకుంది. వేలి మధ్యలో గుచ్చితే గాజులెక్కించేటప్పుడు సలుపుతుందని, పక్కన గుచ్చడం అక్క ఆలోచనే. అమ్మ చేయి లాక్కోబోతుందని నాకు అర్థమైంది. అప్పుడు అక్క, అమ్మ ఒళ్ళో ఉన్న ఆకుపచ్చ గాజుల కట్ట చూస్తూ అడిగింది.

“పిన్నీ, ఇయ్యి డజను ఎంతకిస్తావు?”

“నీకైతే…”

టిక్.

అమ్మ కిందికి చూసింది. వేలి మీద ఎర్రటి చుక్క గుండ్రంగా నిలబడింది.

“అయిపోయిందా? నేనింకా రేటే చెప్పలేదు గదే!” అంది.

ఆ తర్వాత ప్రతి వారం అక్క ఏదో ఒక వస్తువు రేటు అడిగేది, అమ్మ చెప్పబోయేది. పుల్ల మీది రంగును బట్టి డాక్టరు మందు పెంచాడు, తగ్గించాడు. శ్రావణానికి పుండు అంచులు దగ్గరకొచ్చాయి. కార్తీకంలో డాక్టరు కట్టు విప్పి, మళ్ళీ కట్టలేదు.

మరుసటి తిరునాళ్ళకు కొండ కింద వేసిన మా కొట్టులో అమ్మ రెండు కాళ్ళ మీదా నిలబడి గాజులమ్మింది. లక్ష్మికి లెంపలేసుకుని, కొట్టులోనే చెప్పులేసుకుంది. సాయిబు మామ వచ్చి, వచ్చేపోయేవాళ్ళకు ఆమె కాలు చూపించాడు.

“ఈ కాలు నా గొడుగు రేకు నిలబెట్టిన కాలు!”

“రక్తం చూసింది నేను గదా,” అంది అక్క.

“గుచ్చుకున్న వేలెవరిది?” అంది అమ్మ. “పేరులో సగం ఈ వేలికి. మిగతా సగం మీరిద్దరూ పంచుకోండి.”

ముగ్గురూ గట్టిగానే పోట్లాడుకున్నారు. నా వాటా ఎవరూ అడగలేదు. సొట్ట డబ్బా సంగతి గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను.

ఇంతలో గాజులు చూస్తున్న ఒకావిడ, అమ్మ నడుముకున్న సంచిలోంచి తొంగిచూస్తున్న పెన్ను ఇత్తడి మూత చూసి చేయి చాపింది. “అదేంది పిన్నీ? ఏదీ, ఓసారి చూడనీ.”

“గాజులు చూడు, దువ్వెన చూడు. ఇది చూసేది కాదమ్మా,” అంది అమ్మ. చాపిన ఆ చేతినే పట్టుకుని, ఎర్ర గాజు కణుపుల దాకా తోసి, “మీ అత్తది ఏ ఊరు?” అనడిగింది.

ఊరి పేరు సగం చెప్పేలోగా గాజు ఆమె మణికట్టు మీద ఉంది.