పొట్లాల కాగితాల్లో దొరికిన బడి

మా అమ్మ హైస్కూళ్ళను పొట్లాల కాగితాల్లో చూసి బేరీజు వేసింది. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. తొంభైల్లో జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు గదే కిరాణా కొట్టు. పరీక్షలయ్యాక పాత కాగితాలాయన నోటుపుస్తకాల కట్టలు సైకిలు మీద తెచ్చి పడేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు ఏడాదంతా రాసినదంతా మా కొట్లో కందిపప్పుకీ జీలకర్రకీ పొట్లాలయ్యేది. అమ్మ ఏ కాగితాన్నీ చదవకుండా చింపేది కాదు. జీలకర్ర కోసం వచ్చినవాళ్ళు అలా నిలబడే ఉండేవారు.

నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన వేసవి అది. ఎనిమిదిలో ఎక్కడ చేర్చాలా అని ఇంట్లో రోజూ రగడే. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నాన్నకి టై కట్టించే ప్రైవేటు బడి మీద మోజు. అమ్మ ఒకరోజు నాలుగు బళ్ళ పుస్తకాలు తెచ్చి గచ్చు మీద పరిచింది.

"ఇదిగోండి మీ టై బడి. తప్పులన్నీ తప్పుల్లాగే ఉన్నాయి, కింద గుడ్ అని రాశారు. గురుకులం వాళ్ళది చూడండి, ఒకళ్ళు చెబితే నలభై మంది రాసినట్టుంది. మన వీధి చివర హైస్కూలుదేమో పేజీకో టిక్కు. ఇక ఇది చూడండి."

అది నందిగామ హైస్కూల్లో ఎవరో అమ్మాయి రాసుకున్న తెలుగు పుస్తకం. అంచుల్లో ఎర్ర సిరాతో చిన్న చిన్న అక్షరాలు. 'వాన కురిసిందన్నావు. నువ్వెక్కడ తడిశావో చెప్పలేదు.' 'మీ నాన్న రైతన్నావు. ఏ పంట?' నేను అప్పటిదాకా ఏ పుస్తకంలోనూ అలాంటి ప్రశ్నలు చూడలేదు.

నాన్న పుస్తకాన్ని పక్కకి నెట్టాడు. "వీధి చివర బడి పెట్టుకుని నందిగామా? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ యవ్వారం."

"అడిగే టీచరు ఉన్నచోటే నా పిల్ల చదవాలి."

"సరే పంపు. రేపు తేడా వస్తే మాత్రం ఈ ఇంట్లో చదువుల సంగతి నువ్వింక ఎత్తకూడదు."

"ఎత్తను," అంది అమ్మ.

ఆ నెలంతా నేను ఆ ఎర్ర అక్షరాల్లోంచి ఒక టీచరమ్మని ఊహించుకున్నాను. మెల్లగా మాట్లాడేది. వాన వస్తే పాఠం ఆపేసి కిటికీ దగ్గరికి వెళ్ళేది. జూన్‌లో మొదటిసారి నందిగామ బస్సెక్కినప్పుడు దారి పక్క చెట్ల ఆకులన్నీ సిమెంటు దుమ్ముతో తెల్లగా, పిండి చల్లినట్టు ఉన్నాయి. చిల్లకల్లు దాటేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. ఆ సగం నిద్రలో ఆవిడ నన్ను అడుగుతూనే ఉంది. ఏ పంట? ఎక్కడ తడిశావు?

బడిలో ఆ ఎర్ర సిరా టీచరు గురించి అడిగితే పక్కన కూర్చున్న అమ్మాయి చెప్పింది. "ఆ మేడం ట్రాన్స్‌ఫరయిపోయారుగా. మీ ఊరికే."

మీ ఊరికే అంటే మా వీధి చివరికే. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం అమ్మ కొట్టు వదిలేసి గుమ్మంలోకి ఎదురొచ్చింది. "ఏం అడిగారే మేడం?" వెనక నాన్న మంచం మీద కూర్చుని వింటున్నాడు. "మన కొట్లో అన్నిటికంటే ముందు ఏ వాసన వస్తుందని అడిగారు," అన్నాను. ఆ అబద్ధం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఇక రోజూ అదే. కొత్త తెలుగు మాస్టారు మంచివారే, పద్యాలు కమ్మగా పాడేవారు, కానీ ప్రశ్నలు అడిగేవారు కాదు. నేనే తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి ఒక ప్రశ్న కలగనేదాన్ని. పొద్దున పూట బస్సు నన్ను ఆవిడకి దూరంగా తీసుకుపోతోందని తెలిసీ, వెళ్తున్నది ఆవిడ దగ్గరికేనన్నట్టు హాయిగా ఉండేది.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, నూలు చీర కట్టుకున్న ఒకావిడ కొట్టుకొచ్చి సరుకుల చీటీ అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ సరుకులు తీయలేదు. చీటీనే చూస్తూ ఉండిపోయింది.

"ఈ రాత... మీరు నందిగామలో చేశారాండి?"

"అవునమ్మా. జూన్ నుంచి ఇక్కడే, ఈ చివర హైస్కూల్లో. మీకెలా తెలుసు?"

అమ్మ నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలిసింది. నాన్న నిన్నేమన్నా అంటాడని..."

"మరి రోజూ మేడం అడిగారని చెప్పినవో?"

"నేనే అడిగా."

చెంప పగులుతుందనుకున్నాను. అమ్మ లోపలికెళ్ళి ఆ నందిగామ పుస్తకం పట్టుకొచ్చింది. దాన్ని పొట్లాలకి చింపలేదని నాకప్పుడే తెలిసింది. ఆ అమ్మాయి రాసింది అయిపోయాక మిగిలిన తెల్ల కాగితాల నిండా పెన్సిలుతో అమ్మ రాత. ఎర్ర సిరా ప్రశ్నలకీ, నేను కల్పించి చెప్పినవాటికీ, అన్నిటికీ జవాబులు. నేను ఇన్నాళ్ళూ కాపాడుతున్నాననుకున్న మనిషి ఈమె కాదు.

"ఇందులో కొన్ని మీరడిగినవి కాదంటండి, మా అమ్మాయివి," అంది అమ్మ. "అయినా దిద్దుతారాండి?"

ఆవిడ నిలబడే మొదటి పేజీ చదివారు. తిప్పి రెండోది కూడా చదివారు.

"ఎంతవరకు చదువుకున్నారమ్మా?"

"అయిదండి. మా పుట్టింటి ఊళ్ళో అంతవరకే ఉండేది. ఆరుకి నందిగామ వెళ్ళాలి. పంపలేదు."