బావగారి నల్ల కవరు

మూర్ఖత్వంలో నాకు సాటి లేరని చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను. దేవుడిచ్చిన ఒక్క బుర్రను ఇద్దరు డాక్టర్లకు చెరిసగం పంచి, ఒకరి సంగతి రెండోవారికి తెలియకుండా దాచిన ఘనుణ్ణి నేను. నిన్న పంజాగుట్టలో నేను మామూలుగా వెళ్లే మందుల షాపులో, మెడలో ఆఫీసు ట్యాగు వేసుకున్న ఒకాయన మాత్రల స్ట్రిప్పు అందుకుని, నల్ల కవర్లో దూర్చి, కవర్ని బ్యాగులో దాచి, అటూ ఇటూ చూసుకుంటూ మెట్రో మెట్లవైపు వెళ్లిపోతుంటే అదంతా గుర్తొచ్చింది.

నా వరకు ఆ నల్ల కవరు మా బావగారి ఆవిష్కరణ. నాకు బైపోలార్, అంటే మనసు ఒకసారి ఆకాశానికెక్కి మరోసారి పాతాళానికి పడే జబ్బు, అని తేలినప్పుడు ఆయన విజయవాడ నుంచి వచ్చి, పంజాగుట్టలో మానసిక వైద్యురాలికి చూపించి, షాపతనికి "ఇవి నల్ల కవర్లో కట్టవయ్యా, పదిమందీ చూస్తారు" అని పురమాయించి వెళ్లారు. అప్పట్నుంచీ షాపతను నన్ను చూడగానే గొంతు తగ్గించి, "అన్నా, మీయి పెట్టిన" అంటూ దొంగసొత్తులా అందించేవాడు. అమీర్‌పేటలో ఒక గది, అక్కడే కోచింగ్ సెంటర్లో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ చెప్పే ఉద్యోగం, ఇవి రెండే నాకు మిగిలిన రాజ్యం. "ఇంకోసారి తిరగబెడితే గది ఖాళీ చేయించి మా ఇంటికి తీసుకుపోతా" అని బావగారి శాసనం. అక్కావాళ్ల వరండాలో మంచం, వచ్చేపోయేవాళ్లకు నన్ను చూపించే వేలు... ఆ ఊహ వస్తే చాలు, ఆ పూట మాత్ర వేసుకున్నానో లేదో మళ్లీ లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఆ డాక్టర్ మేడమ్ ఇచ్చిన మాత్రలు మూడ్‌ని అదుపులో పెట్టాయి గానీ భయం పోలేదు. అదో విచిత్రమైన భయం. ఏ ఆదివారమో ఎస్.ఆర్. నగర్ దాకా నడిచి, వేడివేడి మిర్చి బజ్జీ తిని, ఊరికే సంతోషం వేసిందంటే చాలు, ఈ సంతోషం నాదా, జబ్బుదా అని గుండె దడ మొదలు. అడుగుదామంటే పక్కన మనిషి లేడు. గదిలో నాకు తోడు మాత్రలు మాత్రమే. పాఠం మధ్యలో పిల్లలు నవ్వినా, ఎందుకు నవ్వించానా అని అరచేతులు తడిసేవి. ఇవేవీ మేడమ్‌తో చెప్పలేదు. ఆమెది మూడ్ సెక్షను, భయం వేరే సెక్షను అనుకున్నాను. ఫోన్లో బావగారితో అంటే ఆయనకు హుషారొచ్చింది. "దాందేముందోయ్, టెన్షన్ అందరికీ ఉండేదే, పరువైన జబ్బు! మామూలు డాక్టర్‌కి చూపించుకో. ఆ పెద్ద పేరు మాత్రం ఎత్తకు."

ఎత్తలేదు. ఎస్.ఆర్. నగర్లో ఒక పెద్దవయసు డాక్టరుగారు ఓపిగ్గా అంతా విని, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే "లేదండీ" అన్నాను, నల్ల కవరు సంచిలో పెట్టుకునే. పాపం, విన్నదానికి సరిపోయే మాత్రే రాశారాయన. కొన్ని వారాల్లో భయం పోయింది. దాని వెంటే నిద్ర పోయింది, మొహమాటం పోయింది, బుద్ధి కూడా అదే బస్సెక్కింది. గంట క్లాసు సాయంత్రం దాకా సాగేది. జీఎస్టీ పాఠంలో పూర్వజన్మలు కలిపేవాణ్ణి. పిల్లలు మొదట చప్పట్లు కొట్టారు, తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, జర కూసోండ్రి. నీళ్లు తాగుండ్రి. మీరు మంచిగ లేరు" అంది. ఆ అమ్మాయే వెళ్లి చెబితే, మా మేనేజరు నా సంచిలో దొరికిన మందుల చీటీ మీద అడ్రసు చూసి, నన్ను ఆటోలో ఎక్కించుకుని మేడమ్ దగ్గర దింపాడు.

నా జేబులోని రెండో చీటీ చూసి మేడమ్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"భయం సంగతి నాకు చెప్పలేదేం?"

"మీరు మూడ్ డాక్టరు కదా మేడమ్."

"మీకున్నది ఒక్క తలే కదండీ! బైపోలార్ ఉన్నవాళ్లకి భయం కూడా ఉండటం మామూలే. కానీ దానికి అందరికీ ఇచ్చే మాత్రలు కొన్ని, మీలాంటివాళ్లని ఇలా పైకి లేపేయొచ్చు. ముందు మూడ్ కుదుటపడనివ్వండి. తర్వాత భయానికి మీకు సరిపడేది చూసి ఇస్తాను. మీ అంతట మీరు ఏదీ మొదలుపెట్టొద్దు, ఏదీ మానొద్దు."

కొత్త మాత్ర ఆవిడే ఆపించారు, పాతవి సరిచేశారు. కుదుటపడటానికి నెలలు పట్టింది. ఆ తర్వాత భయానికి వేరే మాత్ర మొదలుపెట్టారు. భయం పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు తలుపు తట్టి వస్తోంది.

ఆ మాత్ర మొదలైన కొత్తలో, సంగతి ఆలస్యంగా తెలిసి, గది ఖాళీ చేయించడానికి బావగారు దిగనే దిగారు; వస్తూనే గది తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. "ఉద్యోగం, గది ఉంటేనే ఈయన కుదురుగా ఉంటారు" అని మేడమ్ ఆయనకు నచ్చజెప్పారు. గొణుక్కుంటూ బయటికొచ్చిన బావగారు, తన బీపీ మాత్రలు అయిపోయాయన్నారు. తీసుకెళ్లేసరికి షాపు నిండా జనం. జన్మలో మొదటిసారి అక్కడ గొంతు పెంచాను.

"భాయ్, నా బైపోలార్ మాత్రలు, భయానిది కూడా, ఇటు చేతికే ఇచ్చెయ్. బావగారి బీపీ మాత్రలు మాత్రం నల్ల కవర్లో కట్టు. పరువున్న మనిషి, పదిమందీ చూస్తారు."

"కట్టిన అన్నా, ఫికర్ చెయ్యకుండ్రి" అని షాపతను గట్టిగా ముడేశాడు.

బావగారు ఆ కవర్ని చంకలో దాచుకుని పంజాగుట్ట చౌరస్తా దాటారు. రైలెక్కేముందు నా గది తాళంచెవి జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. గదిలో ఇప్పటికీ నేనొక్కణ్ణే. స్ట్రిప్పులు మాత్రం బల్లమీద బాహాటంగా పడుంటాయి. అందులో ఒక్కొక్క గుంటా ఖాళీ అవుతుంటే, చెప్పేవాళ్లెవరూ లేకపోయినా, కాలం నా ఇంట్లో కూడా గడుస్తోందని తెలుస్తుంది.