చవితి చంద్రుడి తప్పేమీ లేదు

మా కొల్లేటి లంకలో వినాయక చవితినాడు పిల్లలెవరైనా పొరపాటున ఆకాశం వైపు చూస్తే, పెద్దవాళ్ళు ఇప్పటికీ మా మావయ్య సంగతి చెప్పి బెదిరిస్తారు. చవితినాడు చంద్రుణ్ణి చూసినందుకే ఆయన నీలాపనింద పాలయ్యాడనీ, రేడియో తాళంచెవి పోగొట్టుకున్నాడనీ చెబుతారు. ఆ కథలో చంద్రుడున్నాడు, రష్యావాళ్ళ రాకెట్టుంది, మావయ్య ఉన్నాడు. నేను లేను. ఉండాల్సింది నేనే. అందుకని ఇది రాస్తున్నాను.

మావయ్యంటే మా అమ్మకు పెదనాన్న కొడుకు. అందరిలాగే కొల్లేట్లో వలలు వేసి బతికేవాడు. పంచాయతీకి రేడియో ఇచ్చిన కొత్తల్లో దాన్ని ఎవరికి అప్పగించాలన్న మాట వచ్చింది. సాయంత్రం వార్తల వేళకు తప్పకుండా ఒడ్డు చేరే మనిషి ఆయనొక్కడే కనుక ఆయనకే అప్పగించారు. రేడియోని చెక్కపెట్టెలో పెట్టి పంచాయతీ అరుగు మీద బిగించారు. దానికి ఒకటే తాళం, ఒకటే చెవి. ఆ చెవి మావయ్య మొలతాడుకు వేలాడేది. స్నానం చేసేటప్పుడు కూడా తీసేవాడు కాదు. ఊళ్ళో కరెంటు లేదు. ఇటుకల్లాంటి బ్యాటరీల మీద నడిచేది రేడియో. ఏలూరు నుంచి మెకానిక్కు పడవలో వచ్చి వాటిని మార్చి వెళ్ళేవాడు. ఆ ఏడు వానల ముందు వచ్చినప్పుడు, "సాయంత్రం పూట మాత్రమే పెట్టుకుంటే దీపావళి దాకా ఢోకా లేదండీ" అని అందరి ముందూ చెప్పి వెళ్ళాడు. ఆ మాట ఊరంతా గుర్తుపెట్టుకుంది.

మావయ్యకు ఆకాశం పిచ్చి అంతకు రెండేళ్ళ ముందు పట్టుకుంది. రష్యావాళ్ళు కుక్కను ఎక్కించి రాకెట్టు వదిలారని రేడియోలో విన్న రోజు అరుగు మీద పెద్ద గోలే జరిగింది.

"మరి దానికి ముద్ద ఎవరు పెడతారండీ?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"లోపలే పెట్టి పంపారంటమ్మా," అన్నాడు మావయ్య.

"దిగేదెప్పుడు?"

ఆ తరవాత చాలా రోజులు మావయ్య ఆ కుక్క సంగతి వార్తల్లో వస్తుందేమోనని చెవి రేడియోకి ఆనించి కూర్చునేవాడు. "కుక్క వెళ్ళిందంటే రేపో మాపో మనిషీ వెళతాడల్లుడూ. చంద్రుడి మీద కాలు పెడతాడు. ఆ వార్త మన ఊరికి నేనే వినిపిస్తాను" అనేవాడు. ఇది హాస్యానికి అన్న మాట కాదు. ఆయన కోరికల్లో నేను ఎరిగినంతలో అంత పెద్దది ఇంకొకటి లేదు.

తరవాత చంద్రుడి మీదికి వదిలిన రాకెట్టొకటి గురి తప్పి పక్కనుంచి పోయింది. వలలోంచి పెద్ద చేప జారిపోయినట్టు బాధపడ్డాడు మావయ్య. అప్పటినుంచి దోనెలో వస్తూ సాయంత్రం పూట చంద్రుణ్ణి చూడటం అలవాటైపోయింది. "ఏవండీ, చంద్రుడు మీకేమైనా చుట్టమా?" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. "చుట్టమే. ఎప్పుడో ఒకరోజు కబురు రావాలి" అనేవాడు.

నేను ఆ ఏడే ఎస్సెల్సీ తప్పి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. కొల్లేటి తేమకి రేడియో పెట్టె లోపల బూజు పట్టేది. మధ్యాహ్నం పూట మావయ్య వలల దగ్గరకు వెళుతూ మొలతాడుకున్న చెవి విప్పి నా చేతిలో పెట్టి, "కాసేపు తలుపు తీసి గాలి తగలనియ్యి అల్లుడూ" అనేవాడు. ఆషాఢమాసంలో మొదలైంది ఈ ఏర్పాటు. మూడోరోజో నాలుగోరోజో నేను రేడియో మీట తిప్పాను. ఊళ్ళో మగవాళ్ళంతా నీళ్ళ మీద, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టే పనిలో ఉన్నారు. చెవి ఆనిస్తే తప్ప వినపడనంత చిన్నగా పెట్టుకుని సినిమా పాటలు విన్నాను. మర్నాడూ విన్నాను. ఇక మానలేదు.

చవితి వచ్చింది. ఆ పూట వల చిరిగిందని మావయ్య పొద్దున్నే వెళ్ళిపోయాడు. పూజలో కథ వినలేదు, అక్షింతలు నెత్తిన వేసుకోలేదు. సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికొచ్చి అత్తయ్యతో అన్న మాట నేను విన్నాను.

"అలవాటుగా తల ఎత్తబోయి, ఇవాళ చవితి కదాని గభాల్న దించేసుకున్నానే. దించితే నీళ్ళలో ఉన్నాడు. కొల్లేట్లో వాణ్ణి తప్పించుకోవడం ఎవరితరం?"

అత్తయ్య ముక్కున వేలేసుకుంది. మర్నాటికి ఆ మాట ఊరంతా పాకింది.

ఆ తరవాత అయిదారు రోజులకే రష్యావాళ్ళు చంద్రుడి మీదికి ఇంకో రాకెట్టు వదిలారని రేడియో చెప్పింది. మనుషులు లేరు, కుక్క లేదు, ఒట్టి గోళం. మర్నాటి అర్ధరాత్రి దాటాక చంద్రుణ్ణి తాకవచ్చునన్నారు. ఆ మర్నాటి సాయంత్రం ఎప్పుడూ రానివాళ్ళు కూడా అరుగు దగ్గరకు వచ్చారు. చంద్రుడు నడినెత్తికి వస్తున్నాడు. మావయ్య ఉతికిన పంచె కట్టుకుని పెట్టె తలుపు తీసి మీట తిప్పాడు. వార్తలు మొదలయ్యాయి. రెండో వార్తలోనే గొంతు సన్నబడింది. అది చిన్న పిల్ల గొంతయింది, తరవాత గురగుర అయింది, తరవాత ఏమీ లేదు.

మావయ్య మీటలన్నీ తిప్పాడు. పెట్టె మీద అరచేత్తో తట్టాడు.

"దీపావళి దాకా ఢోకా లేదన్నాడు కదండీ మెకానిక్కు?" అన్నారు పంచాయతీ ప్రెసిడెంటు గారు.

"అన్నాడండీ."

"చెవి ఎవరి దగ్గరుంటుందండీ?"

"నా దగ్గరేనండీ."

"ఇంకెవరి చేతికైనా ఇచ్చారా?"

నేను ఆయన వెనకే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉన్నాను. మావయ్య క్షణం ఆగి, "లేదండీ, నాదే పూచీ" అన్నాడు. నా సంగతి ఆయనకు అనుమానం తగిలిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినట్టు రాయను.

"చవితి చంద్రుణ్ణి చూశారుగా, మరి ఊరుకుంటాడా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో విచారణ ముగిసిపోయింది. ఎవరూ లేనప్పుడు తాళం తీసి పాటలు పెట్టుకుని ఆయనే బ్యాటరీ అరగదీశాడని ఊరు నమ్మింది.

ఇంకొకరైతే ముసుగు తన్ని పడుకునేవారు. మావయ్య తెల్లవారగానే దోనె తీసి, "పద అల్లుడూ. తగిలిందో లేదో తెలుసుకోకుండా ఊరికి మొహం చూపించను" అన్నాడు. గడ ఆయనే వేశాడు. నీరు నిండుగా ఉంది, ఎదురుగాలి. సగం దూరం వెళ్ళాక అన్నాడు:

"ఎందుకైపోయిందో అంతుబట్టడం లేదు. తేమ ఎక్కిందంటావా? నువ్వు మధ్యాహ్నాలు తలుపు తీస్తూనే ఉన్నావు కదా?"

"తీస్తూనే ఉన్నాను మావయ్యా."

అది నిజమే. అంతకంటే పెద్ద అబద్ధం నా జీవితంలో మళ్ళీ ఆడలేదు.

ఒడ్డున దోనె కట్టేసి, బురదలో గుండుగొలను దాకా నడిచి, కలకత్తా రోడ్డు మీద బస్సెక్కి ఏలూరులో దిగాం. పంచె మోకాళ్ళ దాకా బురద. బస్టాండు పక్కన రేడియో ఉన్న కాఫీ హోటలు గుమ్మంలో నిలబడి మావయ్య అడిగాడు.

"ఏవండీ, తగిలిందాండీ?"

"దేనికండీ?" అన్నాడు గల్లాపెట్టె దగ్గరి ఆయన.

"చంద్రుడికండీ."

"ఆఁ, తగిలిందంటండీ. పొద్దున వార్తల్లో చెప్పారు. ఇంతకీ మీకు ఇడ్డెన్లా, ఉప్మానా?"

మావయ్యకు అది చాలలేదు. ఒకరు విన్నది చెబితే ఒప్పుకోనన్నాడు. మధ్యాహ్నం వార్తల దాకా కాఫీ మీద కాఫీ తాగిస్తూ నన్ను కూర్చోబెట్టాడు. వార్తల్లో ఆ ముక్క రాగానే లేచి నిలబడ్డాడు. ముగిసేదాకా కూర్చోలేదు.

పొద్దు వాలకముందే లంక చేరి అరుగు ఎక్కాడు. "తగిలిందండీ. నా చెవులతో విన్నాను" అన్నాడు. ఒకాయన పెదవి విరిచి, "మీ మాటకేముంది లెండి" అన్నాడు. అప్పుడు నేను ముందుకొచ్చి, "నిజమేనండీ, నేనూ విన్నాను" అన్నాను. నా మాట వెంటనే నమ్మారు. చంద్రుడి సంగతికి సాక్ష్యం చెప్పిన నోటితో, మనిషి సంగతి చెప్పలేకపోయాను.

ప్రెసిడెంటు గారు చెయ్యి చాపారు. మావయ్య మొలతాడుకున్న చెవి విప్పి ఇచ్చాడు. "కుర్రాడు చదువుకున్నవాడు, వీడి దగ్గరుండనీయండి" అని ఆయన దాన్ని నా చేతిలో పెట్టారు. నేను తీసుకున్నాను.

ఆ చెవే నాకు బతుకుతెరువైంది. కొత్త బ్యాటరీలు వేయడానికి వచ్చిన మెకానిక్కు వెంటపడి పని నేర్చుకున్నాను. తాడేపల్లిగూడెంలో రేడియో రిపేరు షాపు పెట్టాను. మావయ్య మళ్ళీ అరుగు ఎక్కలేదు. ఊళ్ళో ఆయన పేరే చవితి చంద్రుడైపోయింది. చివరికి మనుషులు నిజంగానే చంద్రుడి మీద దిగిన రోజు ఊరంతా అరుగు చుట్టూ చేరితే, ఆయన దోనె వేసుకుని కాస్త దూరంలో, రేడియోకి తగిలించిన మైకు వినపడేంత దూరంలో, నీళ్ళ మీద ఆగి విన్నాడట. అత్తయ్య చెప్పింది. ఆయన ఊరికి వినిపించాలనుకున్న వార్త అది.

మావయ్య పోయి మూడేళ్ళయింది. ఆయన ఉండగా చెప్పలేకపోయాను. ఈ ఏడు చవితికి లంకకు వెళ్ళి అత్తయ్య ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాకెందుకు చెప్పడం? ఆయన అరగదీశాడని నేనెప్పుడు నమ్మాను గనక? చెవి ఎక్కడ తీసుకున్నావో అక్కడికెళ్ళి చెప్పు. పద, నేనూ వస్తాను" అంది.

సాయంత్రం అరుగు మీద జనం ఉన్నారు. అప్పుడు నవ్వినవాళ్ళలో కొందరు ఇంకా ఉన్నారు. నిలబడి చెప్పాను. ఒక పెద్దాయన అందుకున్నాడు.

"ఎంతైనా ఆయన చంద్రుణ్ణి చూసిన మాట నిజమే కదయ్యా. చూడబట్టే నీకలాంటి బుద్ధి పుట్టింది."

ఊరికి అదే సుఖం. అలా ఒప్పుకుంటే నాకూ సుఖమే.

"కాదండీ," అన్నాను. "నేను పాటలు పెట్టింది ఆషాఢంలో. ఆయన చంద్రుణ్ణి చూసింది భాద్రపదంలో. అప్పటికే బ్యాటరీ సగం తినేశాను. చంద్రుడి తప్పేమీ లేదు. తప్పు నాది."

అత్తయ్య అరుగు మెట్టు మీద కూర్చుని ఉంది. వెనక్కి తిరిగి జనాన్ని ఒకసారి చూసి నాతో అంది:

"మళ్ళీ చెప్పు. వెనకవాళ్ళకి వినపడలేదు."

గొంతు పెంచి మళ్ళీ చెప్పాను.