మిద్దె మీద కర్ర నీడ

మా చిన్నప్పుడు... మొఘల్‌పురాలో మా మిద్దె మీద, మట్టి నింపిన డబ్బాలో నాలుగడుగుల కర్ర ఒకటి నిలబెట్టుకున్నాను. ఆరో తరగతి నుంచి మెట్రిక్ దాకా, ఆదివారాలు, సెలవు రోజులు... సరిగ్గా పన్నెండుకు దాని నీడను వేళ్లతో కొలిచి నోటుబుక్కులో రాసేవాణ్ణి.

చలికాలంలో మూసీ వైపు, అంటే ఉత్తరానికి పడే నీడ, ఎండలు ముదిరాక దక్షిణానికి తిరిగేది. మరి తిరిగే మధ్యలో ఒకరోజు అసలు నీడే ఉండకూడదు కదా! కానీ ఏ ఏడు చూసినా పడమరన మూడు వేళ్ల నీడ మిగిలేది... ఎందుకు?

మెట్రిక్ రాసిన ఎండాకాలం, నీడ లేని రోజంటూ లేదు, ఈ పిచ్చి వదిలి టైపు నేర్చుకొమ్మన్నాడు బాపు. సైన్సు కరపత్రాలు చదివి వేడెక్కిన బుర్ర నాది... ఊరుకుంటానా?

"చూడకుండనే లేదంటవేంది బాపూ? నా లెక్క ప్రకారం రేపు నీడ ఉండదు. ఉంటే ఈ బుక్కు పొయ్యిల పెట్టు!"

మర్నాడు పక్కింటి ఖాజా భాయ్ కూడా మిద్దెక్కాడు. బాపు చేతి గడియారంలో పన్నెండయింది. మళ్లీ మూడు వేళ్లు!

"అరే మియా, సాయా తో యహీంచ్ హై!" నీడ ఇక్కడే ఉంది కదా అని చూపించి ఖాజా భాయ్ ఒకటే నవ్వు.

బాపు నోటుబుక్కు తీసుకొని మెట్లు దిగాడు. వంటింట్లో పొయ్యి మండుతోంది. ఐదేళ్ల రాత... నేను వెనకే దిగేసరికి, పొయ్యి ముందు కూచుని ఒక్కో పేజీ తిరగేస్తున్నాడు.

అంతలో, వడియాలు తిరగేయడానికి మిద్దెక్కిన అమ్మ కేక: "ఓ బిడ్డా! నీ కట్టె నీడ ఏడ వోయిందిరా?"

ఉరికాం. బాపు చెప్పులు కూడా వేసుకోలేదు. కాలే గచ్చు మీద కర్ర చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు... నీడ లేదు!

"గిదేంది? గడియారం తప్పా, సూర్యుడు తప్పా?"

రెండూ కావు. గడియారం దేశమంతటికీ ఒకటే, సూర్యుడు మాత్రం ఏ ఊరికి ఆ ఊరే అని తర్వాత ఒక చిన్న పుస్తకంలో చదివాను. మన ఊళ్లో మే నెలలో మిట్టమధ్యాహ్నం పన్నెండు దాటి పది పన్నెండు నిమిషాలకు వస్తుంది. ఐదేళ్లూ నేను తొందరపడి ముందే కొలిచి దిగిపోయాను!

బాపు కచేరీ గుమాస్తా, ఉర్దూ చదువు. నా పెన్సిలు అడిగి తీసుకొని, ఆనాటి పేజీలో "నీడ లేదు" అని ఉర్దూలో తానే రాశాడు. టైపు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడా రోజేదో ఫోను క్షణంలో చెప్పేస్తుంది. చెప్తే చెప్పింది... మిద్దెక్కి చూడరేం అని నాకింకా కోపమే!

బడి రోజుల్లో ఏళ్ల తరబడి మీరు దేని వెంట పడ్డారు? ఇంతకీ... దొరికిందా?