పచ్చి చెక్క మీద పాలిష్

కోరుట్లలో మా ఇంటిని బాగుచేసుకున్నప్పుడు వడ్రంగి కొత్తగా చేసిచ్చిన పెద్ద తలుపుకు గరుకు కాగితం రుద్ది, పాలిష్ పెట్టింది నేనే. "వడ్లాయన పెట్టుమన్నడే అన్నా" అని తమ్ముడు చెప్పాడు. తెల్లారేసరికి తలుపంతా తెల్లమచ్చలు తేలాయి.

చెడ్డ చెక్క తెచ్చాడని గృహప్రవేశం నాడు వడ్లాయనను చుట్టాల ముందే తిట్టాను. గడప దగ్గర ఆయనకు పెట్టాల్సిన కొత్తబట్టలు కూడా పెట్టలేదు. తమ్ముడు పక్కనే నిలబడి విన్నాడు. ఆ తర్వాత ఊళ్లో ఆయనను ఎవరూ పనికి పిలవలేదు.

మొన్న ఆ వడ్లాయన సిరిసిల్లలో కనిపించాడు.

"చెక్క పచ్చిగుంది, ఆగుమని మీ తమ్మునికి చెప్పే పోయిన పటేలా."

తమ్ముణ్ణి నిలదీశాను.

"ముహూర్తం దాటుతదని గట్ల చెప్పిన. తర్వాత నన్ను తిడుతవని ఊకున్న."

ఆనాడు విన్న చుట్టాలందరికీ ఇప్పుడు ఫోన్ చేసి జరిగింది చెబుతున్నాను. పరువు తీశానని తమ్ముడు నాతో మాట్లాడటం లేదు.