పాత కారూ, రెండో పూట పాలూ

నేను జిప్‌లాక్ సంచులు కడిగి, ఆరేసి, మళ్లీ వాడతానని మా అల్లుడు తన స్నేహితులందరికీ చెప్పి నవ్విస్తూ ఉంటాడు. నా పిసినారితనం మీద అంత నమ్మకం ఉండబట్టే, మొన్నామధ్య ఒక శుక్రవారం భోజనాల దగ్గర నన్ను పంచాయితీ పెద్దను చేశాడు. సంగతేమిటంటే, అమెరికాలో ఈ మోరిస్‌విల్ ఊళ్లోనే పుట్టి పెరిగి, ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన మా మనవరాలు తన జీతంతో ఒక పాత కారు కొంటానంటోంది. నా పెళ్లయిన కాలంలో తయారైన కారట, రెండే తలుపులు, ముందు భాగం మంచమంత పొడుగు, ఎవరిదో రేకుల షెడ్డులో తుప్పు పట్టి పడి ఉందట. దాన్ని తన చేతుల్తో బాగుచేసుకోవడానికి గరాజు కావాలి. గరాజు మా అల్లుడిది.

“అత్తయ్యగారూ, అది కారు కాదండీ, స్క్రాప్. మీరు చూసి ఓకే అంటే గరాజు ఇచ్చేస్తాను,” అన్నాడు, నేను అననని ధైర్యంగా.

“డాడీ, దట్స్ నాట్ ఫెయిర్! అమ్మమ్మ దేనికీ ఓకే అనదు,” అంది పిల్ల.

ఆ మాటా నిజమే. మర్నాడు పైన్ చెట్ల మధ్య దారిలో అది డ్రైవ్ చేస్తుంటే, పక్కన కూర్చున్నానే గాని, ఎలా వద్దనాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

అమ్మేది నా ఈడు అమెరికన్ పెద్దావిడ. భర్త పోయాడు, ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతోందట. కారును చూడగానే నా మాటలకు బలం వచ్చింది. రంగు పొలుసులుగా లేచిపోయింది, వెనక సీటులో ఎలకలు గూడు పెట్టాయి, కాళ్లు పెట్టుకునే చోట చిల్లులోంచి నేల కనబడుతోంది. పిల్ల మాత్రం జేబులోంచి అయస్కాంతం తీసి కారు ఒళ్లంతా నిమిరినట్టు జరుపుకుంటూ పోయింది. అతుక్కున్నచోట ఇనుమట, జారిపోయినచోట పుట్టీ పెట్టి రంగేసి దాచారట. ఒక తలుపు దగ్గర తప్ప అంతటా అతుక్కుంది. తరవాత దుప్పటి పరుచుకుని, వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరింది.

దాని కాళ్లు మాత్రమే బయటికి కనబడుతుంటే, గేదె కిందికి వంగి పొదుగు పట్టి చూసే మా అమ్మ నా కళ్ల ముందు మెదిలింది. మూడో తరగతితో బడి మానేసి అమ్మ వెంట పాల వ్యాపారంలోకి దిగినదాన్ని నేను. పాడి గేదెల్ని కొన్నవాళ్లు మీలో ఉంటే, సంతలో దళారుల మాయలు మీకు చెప్పక్కర్లేదు. కొమ్ములకు నూనె రాసి మెరిపించేవాళ్లు, ఒక పూట పాలు తియ్యకుండా ఉంచి పొదుగును కుండలా చూపించేవాళ్లు. అందుకే అమ్మ సంతలో కొనేది కాదు. అమ్మేవాళ్ల ఇంటికే వెళ్లి, సాయంత్రం దగ్గరుండి పిండించి, ఆ పాలు చూసి తల కూడా ఊపకుండా, వాళ్ల అరుగు మీదే కొంగు కప్పుకుని నన్ను పక్కలో వేసుకుని పడుకుని, తెల్లారి మళ్లీ పిండించి చూసేది. మొదటి పూట పాలు అమ్మేవాడివి, రెండో పూట పాలే గేదెవి అనేది.

ఇంతలో పిల్ల కారు కిందినుంచి బయటికి వచ్చింది, ఆ పెద్దావిడ కారులో కూర్చుంది. తాళం తిప్పకముందే పిల్ల వెళ్లి ఇంజిను మీదున్న రేకుకు అరచెయ్యి ఆనించింది. మరుక్షణం కారు గర్జించి నా కాళ్ల కింద నేల అదిరింది. ఇక కొనేస్తానంటుందనుకున్నాను. అది నా చెవి దగ్గరికి వచ్చి, “అమ్మమ్మా, ముందే వేడిగా ఉంది. మనం రాకముందే వార్మప్ చేసి ఉంచింది. రేపు మార్నింగ్ మళ్లీ వద్దాం, కోల్డ్‌లో స్టార్ట్ అయితేనే రియల్,” అంది.

కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టి దాని వైపు తిరిగాను. మా అమ్మను ఫొటోలో కూడా చూడని పిల్ల, తెలుగు అక్షరం రాయడం రాని పిల్ల, మా అమ్మ మాటే అంటోంది. ఎవరు చెప్పారే అంటే, వీడియోల్లో చూశానంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి నేనూ చెయ్యి పెట్టి చూశాను, రేకు మంచులా చల్లగా ఉంది. కారు దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. అప్పుడు ఆ పెద్దావిడ ఇంజిను ఆపి, కిందికి దిగకుండానే ఏదో అడిగింది.

“విప్పి పార్ట్స్ అమ్ముకుంటారా, డ్రైవ్ చేస్తారా అంటోంది అమ్మమ్మా. పార్ట్స్ వాళ్లు డబ్బులు ఎక్కువే ఇస్తామన్నారట, ఈవిడే అమ్మలేదట. పెళ్లయ్యాక ఈ కార్‌లోనే ఈ ఇంటికి వచ్చిందట.”

వట్టిపోయిన గేదెను అమ్మాల్సిన రోజున మా అమ్మ కూడా వచ్చినవాణ్ణి ఇలాగే గుమ్మంలో నిలబెట్టి, పాడికా, కోతకా అని అడిగేది. కోతకైతే ఎంతిస్తానన్నా గేదె మెడలో పలుపుతాడు విప్పేది కాదు. నేనే ముందుకు వెళ్లి, నాకొచ్చిన ఇంగ్లీషులో, “నో కటింగ్. షీ డ్రైవ్,” అన్నాను.

పిల్ల గిర్రున తిరిగింది. “అంటే ఓకేనా?”

“కాకపోతే ఈ తుప్పులో చీర మాపుకుంటానా? ఆ తలుపు పుట్టీ సంగతి ఎత్తి బేరమాడు, ఊరికే తల ఊపకు.”

బేరం తెగాక ఆవిడ తాళంచెవిని దాని పాత తోలు రింగులోంచి మెల్లగా తప్పించి, ఒట్టి చెవి నా చేతిలో పెట్టి, రింగును షెడ్డు గోడకున్న మేకుకు తగిలించుకుంది. మా వైపు గేదెను అమ్మి తోలేటప్పుడు అంతే, పలుపు మాత్రం ఇవ్వరు. కొనేవాడు తన తాడు తెచ్చుకోవాలి. పాత పలుపు గుంజకే ఉంటే ఇంట్లోంచి పాడి పోదని నమ్మకం. ఆవిడకు ఈ సంగతి ఎవరు చెప్పి ఉంటారు! నా గాజుకున్న పిన్నీసు తీసి ఆ చెవిని దానికి తగిలించాను.

ఇప్పుడు మా అల్లుడి కారు బయటే ఉంటోంది. దాని మీద రాలే పైన్ చెట్ల పసుపు పుప్పొడిని రోజూ తుడుచుకుంటూ, “నమ్మి మోసపోయాను అత్తయ్యగారూ,” అంటాడు. శని, ఆదివారాల మధ్యాహ్నాలు నేను టీ పట్టుకుని గరాజులో కూర్చుంటాను. పిల్ల తుప్పు గీకుతూ ఉంటుంది. ఈ వీధిలో ఫోనులో ఏదో నొక్కితే పాత కారు పోయి కొత్తది వస్తుంది. ఎక్కడికి పోతోందని అడిగేవాళ్లూ లేరు, పోయిందని మేకు వంక చూసుకునేవాళ్లూ లేరు. ఆ పెద్దావిడ ఈపాటికి కూతురింటికి చేరి ఉంటుంది. అక్కడ గోడకు మేకు కొట్టుకోనిచ్చారో లేదో గాని, ఆ రింగును మాత్రం వదిలి వెళ్లి ఉండదు.